ఎండదేశము నుండి మంచుదేశమునకు

(భైంసాలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను ఉపన్యాసకుడను గాను. యంత్రములు బాగుచేయు పనిలో పెరిగినవాడను. "విదేశములయందు మనవారి అభ్యున్నతి" అను విషయముపై మాటాడవలెనని కార్యదర్శిగారు వ్రాసిరి. అంత పెద్ద విషయమునకు నేను చాలను. నాకు తెలిసినది ఒక్క కుటుంబపు కథ మాత్రమే. ఎడారినడుమనున్న రియాదు నగరమున తొమ్మిదేండ్లుండి, అక్కడినుండి నా భార్యతోడను బిడ్డతోడను అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ అను విశ్వవిద్యాలయ పట్టణమునకు చేరితిని. ఆ మార్పునందు తెలియక చేసిన పొరపాట్లను, పిమ్మట తెలిసికొన్న సంగతులను విన్నవింతును. ముందువరుసలలో కూర్చున్న యువకులలో నలుగురైదుగురు వచ్చు ఆగస్టు మాసమున అట్టి పట్టణములకే పోనున్నారని వింటిని. పెద్దలు క్షమింతురుగాక, ఈ మాటలు ముఖ్యముగా వారికొరకే.

పద్మశాలీలకు వలస క్రొత్తది గాదు. మగ్గమునకు పని తగ్గినపుడెల్ల మనవారు నూలున్న చోటు వెదకికొని పోయిరి. షోలాపురము, బొంబాయి, భీవండి మనవారి చేతులతో నిండిన ఊళ్లు. మా బాపు ఈ భైంసాలో చేమగ్గము విడిచి భీవండి మరమగ్గములకడ ఇరువదియేండ్లు రాత్రిపని చేసెను. 1973లో చమురుధర హెచ్చిన పిమ్మట అరబ్బుదేశములలో కట్టడములు విస్తరింపగా, కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల దారి ఆ వంకకు మరలినది. ఇప్పుడు నిర్మల్ జిల్లాలో చేరియున్న మన ప్రాంతమున ఒక మనుష్యునైనను గల్ఫునకు పంపని వాడకట్టు అరుదు. నేనును 2009లో గదులను చల్లబరచు యంత్రముల పనిమీద రియాదు చేరితిని. 2013లో నా భార్య వచ్చెను. మరుసటియేట బిడ్డ పుట్టినది.

వేడిమి విషయమున మనకు గురువులక్కరలేదు. వైశాఖ జ్యేష్ఠములలో నలుబదియైదు డిగ్రీల ఎండను చూచిన భైంసావానికి రియాదు ఎండ బంధువువలె తోచును. తల కప్పుకొనుట, పలుచని నూలుబట్ట తొడుగుట, దాహము లేకున్నను నీరు త్రాగుట, నడిమధ్యాహ్నము నీడపట్టున నుండుట మాకు చిన్ననాటినుండి వచ్చినవి. జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు ఎండలో పనిచేయింపరాదని అచ్చట శాసనముగూడ కలదు. ఎండ కంటికి కనబడు శత్రువు. మిక్కిలి వెలుగున్నచోట మిక్కిలి అపాయము. నాకు పుట్టుకతో వచ్చిన ఈ ఒక్క జ్ఞానమే తరువాత నన్ను మోసపుచ్చినది.

2017 జూలైనుండి ఆ దేశమున విదేశీయుల కుటుంబసభ్యులపై తలకు నెలకు 100 రియాలుల రుసుము విధింపబడినది. అది యేటేట మరి నూరు హెచ్చునట్లు ఏర్పాటు. ఇద్దరిని వెంట నుంచుకొన్న నావంటివానికి రెండవ యేటికే నెలకు 400 రియాలులు. అనేక కుటుంబములు ఇంటిదారి పట్టినవి. నేను మాత్రము చిరకాలముగా మనసున దాచుకొన్న పైచదువు కోరికను బయటికి తీసితిని. మాడిసన్‌లో యంత్రశాస్త్రమున సీటు, పరిశోధన సహాయకునిగా కొంత భృతి లభించెను. ఉన్న సొమ్మంతయు మూటగట్టి 2018 ఆగస్టులో బయలుదేరితిమి.

మేము దిగినది ఆగస్టు 14వ తేదీ. ఆ పట్టణమున విద్యార్థుల అద్దెయిండ్లలో పెక్కింటికి గడువు ఆనాటితో తీరి, క్రొత్త గడువు మరునాడు మొదలగును. ఊరంతయు ఒక్కమారుగా ఇల్లు మారును. వీథుల కిరుప్రక్కల మంచములు, బల్లలు, దీపపు స్తంభములు, వంటపాత్రలు గుట్టలుగా పడియుండెను. నా బిడ్డ చూచి, "బాపూ, వీరందరు ఊరు విడిచి పోవుచున్నారా?" యని అడిగెను. వదలిన సామాను ఎవరికి కావలసినది వారు తీసికొనిపోవుట అచ్చటి వాడుకయట. ఇతరులు పారవేసినది ఎత్తుకొనుటకు మొదట చేయి రాలేదు, రెండవనాటికి వచ్చినది. నాలుగు కుర్చీలు, ఒక బల్ల అట్లు సంపాదించితిమి. పరుపులు మాత్రము ముట్టవలదని ఒక పంజాబీ విద్యార్థి హెచ్చరించెను. నల్లులు అమెరికాలోనూ కలవు. పాత గడువునకును క్రొత్త గడువునకును నడుమనున్న ఆ ఒక్కరాత్రి మాకు ఇల్లు లేదు. అతని గదిలోనే తలదాచుకొంటిమి. పోబోవువారు ఈ తేదీని గుర్తుంచుకొని, ముందుగా ఒకరాత్రి బస చూచుకొనవలెను.

ఇక చలి సంగతి. మన ఆదిలాబాదు వైపున పుష్యమాసమున ఐదారు డిగ్రీలకు దిగుట కలదు. చలిమంట వేసికొని, గొంగడి కప్పుకొని, ఇదియే చలి యనుకొందుము. రియాదులోను శీతకాలపు రాత్రులు చల్లనివే. కావున మాడిసన్ చలి దీనికి రెండింతలో మూడింతలో యుండునని యెంచితిని. అది రాసిలో భేదము గాదు, జాతిలో భేదము. ఐదు డిగ్రీల చలి బాధించును. సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలి బాధింపకయే హరించును. మఱియు అచ్చట మిక్కిలి చలిగానుండు దినము మబ్బుపట్టినది గాదు. ఆకాశము నిర్మలమై, ఎండ తళతళ మెరయుచు, మంచుపై కండ్లు మిరుమిట్లు గొలుపు దినమే తరచుగా అన్నిటికన్న చలిదినము. మబ్బు లేనందున నేలవేడిమి రాత్రియంతయు ఆకాశమునకు పోవును. కిటికీలోనుండి అట్టి ఎండను చూచిన రియాదువాడు చొక్కాతో వెలుపలికి నడచును. నేను నడచితిని.

బట్టను గూర్చి ఒక మాట. మగ్గమువద్ద పుట్టినవాడను గనుక బట్ట నాకు తెలియుననుకొంటిని. రియాదు బజారులో దూది కూరిన మందపు కోటు, నూలు చేతితొడుగులు, నూలు మేజోళ్లు కొని, సిద్ధముగా నున్నానని ధైర్యముగా నుంటిని. నూలు వేసవికి రాణి. చెమటను పీల్చుకొని చల్లబరచును. ఆ గుణమే మంచులో శత్రువు. నడచి చెమర్చినచో నూలు తడిసి, తడి ఒంటికంటుకొని, దేహపు వేడిని తోడివేయును. ఉన్ని అట్లు గాదు. తడిసినను తన పోగులలో గాలిని పట్టియుంచును. ఆ నిలిచిన గాలియే వెచ్చదనము. ఇది ఏ విశ్వవిద్యాలయమున నేర్చిన విద్యయని యడుగుదురేమో. మన కురుమ సోదరులు తరతరములుగా వానలో గొర్రెలవెంట గొంగడి కప్పుకొని నిలుచుట మనమెల్లరము చూచియున్నాము. చూచియు, పట్టణమున కోటు కొనునపుడు జ్ఞాపకము తెచ్చుకొనలేదు. అచ్చటివారు మూడు పొరలు తొడుగుదురు: ఒంటినంటి చెమటను బయటికి పంపు పలుచని పొర, దానిపై ఉన్ని, దానిపై గాలి చొరని పైకోటు. బూట్లు బిగుతుగా నుండరాదు; బిగిసిన బూటులో గాలియు నిలువదు, నెత్తురును ఆడదు.

2019 జనవరి 30వ తేదీ. ఉత్తరధ్రువపు చలిగాలి ఆ రాష్ట్రములమీదికి దిగివచ్చిన దినము. మాడిసన్‌లో ఉష్ణత సున్నకు దిగువ ముప్పది డిగ్రీలను దాటెను. గాలితో కలిసి దేహమునకు నలుబదికి మించి తోచెను. విశ్వవిద్యాలయము తరగతులను నిలిపినది. ఆ రాష్ట్రమున ఆ దినము తపాలా బట్వాడా గూడ లేదు. మేము తలుపులు మూసికొని ఇంటనే యుంటిమి. ఆ రాత్రి ఇంటిని వెచ్చజేయు యంత్రము ఆగిపోయెను. ఇంటివారికి టెలిఫోను చేయగా తెల్లవారువరకు మనిషి రాడనిరి. గంటలో గది చల్లబడసాగినది. బిడ్డను నడుమ నుంచుకొని నా భార్య ఉన్న దుప్పట్లన్నియు కప్పెను.

తొమ్మిదేండ్లు యంత్రములతో మెలగినవాడను గనుక కారణము వెదకితిని. వాయువుతో మండు ఆ యంత్రము గోడకావలనుండి గాలి పీల్చుకొను గొట్టమొకటి కలదు. దాని మూతికి మంచు పేరుకొని గడ్డకట్టినది. గాలి యందక యంత్రము తన రక్షణకొరకు తానే నిలిచినది. వెలుపలికి పోయి ఇనుప పనిముట్టుతో ఆ గడ్డను గీకితిని. చేతులకు నూలుతొడుగులే. చేతివేడికి మంచు కరగి తొడుగులు తడిసినవి. మరుక్షణమున ఆ తడి గడ్డకట్టినది. పదినిమిషముల పని. మొదట వేళ్లు మండెను. తరువాత మంట తగ్గెను. తగ్గినదిగదా, అలవాటు పడుచున్నవని సంతోషించితిని! సోదరులారా, నొప్పి పోవుటయే అపాయపు గుర్తని నాకు చెప్పినవారు లేరు. ఎండదెబ్బకు తల తిరుగును, వాంతియగును, దేహము కేకవేయును. మంచుదెబ్బ ఏ కేకయు వేయదు.

యంత్రము మరల నడచినది. లోనికి వచ్చి తొడుగు తీయగా కుడిచేతి వేళ్లు మైనమువలె తెల్లబారియుండెను. పొయ్యిసెగకు పట్టబోతిని. పైయంతస్తున ఒంటరిగా నివసించు వృద్ధురాలు మా యలజడి విని దిగివచ్చి, పొయ్యిదగ్గరనుండి నన్ను లాగివేసెను. స్పర్శ లేని వేలు కాలినను తెలియదుగదా. రుద్దరాదు, సెగ చూపరాదు, గోరువెచ్చని నీటిలో నుంచవలెనని, తన మోచేతితో నీటిని పరీక్షించి, అరగంటసేపు నా చేతిని తానే పట్టుకొనియుండెను. ఆమె మాట నాకు సగము తెలియలేదు. నెత్తురు మరల ప్రవహించునపుడు కలిగిన నొప్పి మాత్రము నేటికిని మరువలేదు. వేళ్లు దక్కినవి. చూపుడువేలి కొనయందును నడిమివేలి కొనయందును పూర్వపు స్పర్శ రాలేదు.

మూడేండ్లకు భైంసా వచ్చినపుడు బాపు కదురు ముందర కూర్చుండి యుండెను. తెగిన పోగును నా చేతికిచ్చి ముడివేయుమనెను. ఏడవయేట నేర్చిన పని; చీకటిలోనైనను చేయువాడను. పోగు వ్రేళ్లనడుమ నున్నదో లేదో నాకు తెలియలేదు. బాపు కొంతసేపు నా చేతినే చూచి, "ఎండలో తల కప్పుకొమ్మని చెప్పి పంపితిని. మంచు సంగతి నాకు తెలిసిననుగదా చెప్పుటకు, బిడ్డా" యని, పోగును తానే తీసికొని ముడివేసెను.

నా కథను మించిన కష్టములు కలవు. అమెరికా మధ్యపడమటి విద్యాపట్టణములలో చలివలన విద్యార్థులు ప్రాణములు కోల్పోయిన వార్తలు 2019 జనవరియందును, 2024 జనవరియందును వచ్చినవి. రాత్రివేళ స్నేహితులనుండి విడివడి ఒంటరిగా వెలుపల మిగులుట అన్నిటికన్న అపాయకరమని ఇచ్చటి తల్లిదండ్రులుగూడ తెలిసికొనవలెను.

ఇంకొక వింత. మంచుదేశమునకు పోయిన పిమ్మట నా పెదవులు పగిలినవి, బిడ్డకు ముక్కునుండి నెత్తురు కారినది, తలుపుపిడి ముట్టినచో చురుక్కున నిప్పురవ్వ ఎగిరినది. ఇవన్నియు రియాదులో మేమెరిగినవే! కారణము విచారింపగా, మిక్కిలి చల్లని గాలి నీటియావిరిని మోయలేదట. ఆ గాలినే ఇంటిలోనికి తెచ్చి వెచ్చజేసినచో ఎడారిగాలివలె పొడియగును. ఎడారిని విడిచితిమనుకొంటిమి, అది మా గదిలోనే కూర్చుండెను. రియాదులో వాడిన కొబ్బరినూనెయు, తడిగుడ్డ ఆరవేయుటయు మరల పనికివచ్చినవి.

పొడిగాలికన్న పొద్దు కొరత నా భార్యను ఎక్కువ బాధించినది. డిసెంబరులో అచ్చట పగలు తొమ్మిదిగంటలే. సాయంకాలము నాలుగున్నరకు ముందే సూర్యుడు క్రుంకును. రియాదులో ఆమెకు ఒంటరిగా తిరుగు స్వేచ్ఛ తక్కువ, కాని గోడకావల తెలుగు మాట వినబడును. శుక్రవారము వచ్చినచో పది కుటుంబములు కలిసి వండుకొందురు. మాడిసన్‌లో బస్సెక్కి ఎచ్చటికైనను పోవచ్చును, పోయి పలుకరించుటకు మనిషి లేడు. విద్యార్థి భార్యగా వచ్చినవారికి ఉద్యోగము చేయు అధికారమును వీసా నియమము ఇయ్యదు. ఆ మొదటి శీతకాలమున ఆమె మూడు మాసములు సరిగా నిద్రింపలేదు, సరిగా మేలుకొననూలేదు. నేను చదువున మునిగి దానిని సోమరితనమనుకొంటిని. ఈ మాట సభలో చెప్పుటకు ఆమె అనుమతి తీసికొంటిని. చివరకు వైద్యురాలు డి విటమిను తక్కువగా నున్నదని మందిచ్చి, ఉదయపు వెలుగులో నడువుమని చెప్పెను. ఆహారముపై అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసినచో ఆ విటమిను పుట్టునని 1920 దశకమున కనిపెట్టిన హ్యారీ స్టీన్‌బాక్ ఆ మాడిసన్ విశ్వవిద్యాలయమువాడే. సూర్యుడు తక్కువైన ఊరివారికే సూర్యుని లెక్క తెలిసినది.

మందుకన్న ఎక్కువ మేలు చేసినది గ్రంథాలయము. అందు అలమరల నిండ తెలుగు పుస్తకములు కలవు. వెల్చేరు నారాయణరావుగారు ఆ విశ్వవిద్యాలయమున మూడు దశాబ్దములకు పైగా తెలుగు బోధించిరి. మంచు కురియు కిటికీప్రక్కన మా ఇంటియామె తెలుగు నవల చదువుకొనుచు కూర్చుండుట చూచి నా ప్రాణము కుదుటపడెను. అచ్చటనే హెలెన్ లూయీ ఆలెన్ పేర పదమూడువేలకు పైబడిన వస్త్రముల భాండారము కలదు. అందు మనదేశపు నేతయు నున్నది. పడుగు పేకలను లెక్కపెట్టుచు నేను నిలుచుండగా కాపలాదారునకు అనుమానము కలిగినది.

ముల్తాను ప్రాంతపు పల్లెలో 1922లో పుట్టిన హరగోవింద ఖొరానాగారు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, కెనడాలు తిరిగి 1960లో మాడిసన్ చేరి, అచ్చట నుండగనే 1968లో నోబెలు బహుమానమందిరి. ఆ ఎండల సీమవాడు ఆ మంచులో పదియేండ్లు పనిచేసెనన్న సంగతి నాకు ధైర్యమిచ్చినమాట నిజము. కాని అట్టి మహనీయుల పేర్లు చెప్పి యువకులను పంపుటయు, వారికి ఉన్ని తొడుగులు చెప్పకుండుటయు నాకు సమ్మతము గాదు.

మంచిమాటయు చెప్పవలెను. ఊరినానుకొని మెండోటా అను సరస్సు కలదు. విస్తీర్ణము దాదాపు నలుబది చదరపు కిలోమీటర్లు. మన గడ్డెన్నవాగు జలాశయము గడ్డకట్టి, దానిపై జనులు నడచి, రంధ్రములు తొలిచి చేపలు పట్టుచున్నట్లు ఊహించుకొనుడు. అది ఎన్నడు గడ్డకట్టినది, ఎన్నడు కరగినది నూటయేబది యేండ్లకు పైగా వ్రాసియుంచిరి. పూర్వము సుమారు నాలుగు మాసములు నిలిచిన మంచు ఇప్పుడు మూడు మాసములకు తగ్గుచున్నదని ఆ లెక్కలు తెల్పును. మొదటి యేట నేను ఒడ్డున నిలిచి భయపడుచుండగా నా బిడ్డ తోటిపిల్లలతో సరస్సు నడిమికి పోయినది. అచ్చటి పాఠశాలలో శీతకాలమందును పిల్లలను వెలుపల ఆడింతురు. కోటును నేలపై తలక్రిందుగా పరచి, చేతులు దూర్చి, తలమీదుగా విసరి తొడుగుకొను ఉపాయమును ఆమెయే నేర్చివచ్చి తల్లికి నేర్పెను.

ఇప్పుడు నా మనవి. మనము విదేశమునకు పోవు యువకునకు పూలమాల వేయుదుము, ఛాయాపటము తీయుదుము, పచ్చడి కట్టియిత్తుము. అప్పు ఎంతయైనదో అడుగుదుము. ఏ ఊరికి పోవుచున్నాడు, ఆ ఊరిలో జనవరి యెట్టిది, తెలిసినవారెవరు అని అడుగము. గల్ఫునకు పోవువానికి ఎడారి సంగతి చెప్పుటకు ప్రతివాడకట్టున తిరిగివచ్చినవాడొకడు కలడు. మంచుదేశమునకు పోవువానికి అట్టి మనిషి ఇంకను లేడు. అమెరికాలో ఏ పట్టణమున మనవారెవరున్నారో, వారి సమ్మతి పొంది, సంఘ కార్యాలయమున ఒక పట్టిక యుంచవలెను. పోవువాడు బయలుదేరుటకు రెండుమాసముల ముందే వారితో తెలుగులో మాటాడవలెను. భార్యను వెంట తీసికొనిపోవువారు ఆమెను గూడ మాటాడింపవలెను. ఇందుకు సొమ్మక్కరలేదు.

రెండవది కోట్లు. ధనపు కోట్లు గావు. అవి అడుగుటకు మన దాతలు ఇదివరకే విసిగియున్నారు. తొడుగుకొను కోట్లు. మంచి పైకోటు అచ్చట మొదటి మాసమున కొనవలెనన్న విద్యార్థికి భారము. ఆ భారమునకు జంకియే చాలినది చాలునని పలుచనివి కొందురు. సెలవులకు వచ్చువారు పాతవానిని ఇచ్చట విడిచిపోయినచో, క్రొత్తగా పోవువారికి ఉపకరించును. నేను తెచ్చిన కోట్లు మూడు, ఉన్ని తొడుగులు నాలుగు జతలు ఈ ఉదయము కార్యదర్శిగారి కప్పగించితిని. కొలతలు చీటీలపై వ్రాసి లోపలివైపు కుట్టియున్నవి. ఆగస్టులో పోవువారు జూలైలోపల వచ్చి తొడిగి చూచుకొనవలెను. భైంసా వేసవిలో వానిని తొడుగుట కష్టమే, ఒక్క నిమిషము ఓర్చుకొనుడు. బూట్లు మాత్రము ఎవరి పాదమునకు తగినవి వారు అచ్చటనే కొనుట మంచిది.

సెలవు.